గడప దాటిన బూట్లు

అక్క బూట్లను పాత తువ్వాలులో చుట్టి తెచ్చింది. తన చెప్పులను ఎప్పటిలాగే వాకిట్లో గోడవారగా, జతగా విడిచింది. మూటను మాత్రం చంకలోనే పెట్టుకుని గడప అవతల నిలబడింది.

"ఇవి లోపలికి తేనులే. ఈన్నే పెడతా," అని వాకిట్లోని నాపరాయి మీద మూట విప్పింది.

ఈశ్వరప్ప బావ బూట్లు. మా వీధిలో బూట్లున్నది ఆయనొక్కడికే. చీరల మూట తీసుకుని బెంగుళూరు షాపుల చుట్టూ తిరిగే పని ఆయనది. "షాపోళ్లు ముందర కాళ్లు చూస్తారప్పా, ఆమీట మూట చూస్తారు," అనేవాడు. షాపు మెట్ల దగ్గర ఎలాగూ విడవాల్సిందే కదా బావా అని నేనొకసారి అంటే, "మెట్ల దాకా చూస్తారు కదా, అది చాల్లే," అన్నాడు. లేత బెల్లం రంగు తోలు. వాటి చప్పుడు వినగానే వీధి కుక్క లేచి తోక ఊపేది.

కుడి బూటు మొన మీద మరక. మట్టి పట్టి, ఎండి, చెక్కు కట్టిన పుండులా ఉంది.

"ఏం మరక అక్కా ఇది?"

"నాకేం ఎరిక? ఏదో తొక్కినాడు. రేపు పొద్దున బస్సుకు బెంగుళూరు పోవాల. ఇట్లాంటివి ఏసుకోని ఎట్ల పోయేదని నా మింద ఎగురుతాండాడు. దిబ్బకు పారేస్తానన్నాడు. మా తమ్ముని చేతిలో పోని మరక ల్యాదని నేనే తెచ్చినా."

"నేను డిజైన్లు గీసేటోన్నా, మరకలు తీసేటోన్నా?"

"రెండూ ఒగటే కదప్పా. నువ్వు గీసేది సగం, తుడిచేది సగం." అక్క నవ్వింది. "పెండ్లాం వచ్చింటే నీ రంగులన్నీ ఎప్పుడో ఈదిలో పోసేది. నీ మంచికే ఎవరూ రాలా."

లోపలికి రమ్మన్నాను. పొయ్యి మీద సంగటి ఉంది, సాయంత్రం వస్తానంది. చెప్పుల కోసం వంగినప్పుడు ఆమె కొంగుకు కట్టిన తాళంచెవి గడపకు తగిలి చిన్నగా మోగింది. అది మా ఇంటి రెండో తాళంచెవి.

ధర్మవరంలో మా ఇల్లు నాయన కట్టింది. ముందు గదిలో ఆయన మగ్గం ఉండేది. నాయన పోయాక మగ్గం అమ్మేశాం కానీ కాళ్లు పెట్టుకునే గుంతను పూడ్చలేదు. దాని మీద పలకలు పరిచి, పలకల మీద నా బల్ల వేసుకున్నాను. మగ్గం ఉన్న గదిలోకి చెప్పులతో ఎవరూ రారు. మగ్గం పోయినా మా గదికి ఆ నియమం పోలేదు. మా వీధిలో ఎవరింట్లో ఎవరున్నారో తెలుసుకోవడానికి తలుపు తట్టక్కర్లేదు. వాకిట్లో చెప్పులు చూస్తే చాలు.

అమ్మ నాకు ఊహ తెలియక ముందే పోయింది. పెంచింది అక్క. ఒక ఎండాకాలం మధ్యాహ్నం, కాళ్లు కాలుతుంటే పక్కింటివాళ్ల చెప్పులు వేసుకుని పరుగెత్తుకొచ్చి అలాగే మగ్గం గదిలోకి దూరాను. అక్క లేచి వచ్చి చెంప మీద కొట్టింది. "గుంతలో నాయన కాళ్లుంటాయి రా! ఆ కాళ్ల మీదికి చెప్పులతో వస్తావా?" అంది. నాయన గుంతలోంచి ఏమీ అనకుండా చూశాడు. తర్వాత నా చెంపకు ఆముదం రాస్తూ అక్కే ఏడ్చింది.

మనిషి లోపల ఒక గొంతు ఉంటుంది. ఇది తప్పు, ఇది చేయకు అని చెబుతుంది. చాలామందికి అది ఎవరి గొంతో తెలియదు. దేవుడిదని కొందరు అనుకుంటారు, తమదే అని కొందరు. నాకు మాత్రం ఎప్పుడూ తెలుసు. నాలో ఆ గొంతు అక్కది.

నాపరాయి మీద గొంతుక్కూర్చుని బూటు చేతిలోకి తీసుకున్నాను. మరక తీయడానికి ముందు అది ఏమిటో తెలియాలి. సిరా అయితే నిమ్మరసం, ఉప్పు. నూనె రంగు అయితే కిరసనాయిలు. డబ్బాల్లో వచ్చే నీళ్ల రంగు అయితే ఉత్త నీళ్లు చాలు. మరక స్వభావం తెలియకుండా రుద్దితే అది పోదు, ఇంకా లోపలికి పోతుంది. ఇది నేను మనుషుల విషయంలో కూడా నమ్మిన మాట. అందుకే ఎవరినీ పెద్దగా ఏమీ అడగను.

ఎండిన మట్టిని కొబ్బరి పీచుతో దులిపాను. కింద మెరుస్తూ పొర కనిపించింది. తడిగుడ్డ వేసి కాసేపు ఉంచి తీస్తే పొర మెత్తబడి గుడ్డకు జిగురుగా అంటింది. రెండు వేళ్ల మధ్య రుద్ది చూశాను. సాగింది.

తుమ్మ బంక.

గుడ్డను ఎండలోకి పట్టుకున్నాను. ఎరుపు కాదు, గోధుమ కాదు, గులాబీ కాదు. పచ్చి శెనక్కాయ వలిచినప్పుడు పప్పు మీద ఉండే పొట్టు రంగు.

నా చెయ్యి ముందు తెలుసుకుంది. నా బుద్ధి దాని వెనక మెల్లగా, ఇష్టం లేనట్టు వచ్చింది.

ఆ రంగు దుకాణాల్లో దొరకదు. పట్టుకు అద్దే రంగులు అద్దకం లక్ష్మన్న దగ్గర తెచ్చుకుని, నాకు నేనుగా కలుపుకున్నది. డబ్బా రంగులతో కాగితం మీద గీస్తే, పట్టు మీద అది ఎలా ఉంటుందో తెలియదు. అందుకని నేను పట్టు రంగునే వాడతాను. అది కాగితం మీద నిలబడాలంటే బంక కలపాలి. అద్దకంవాళ్లు బంక కలపరు. వాళ్ల రంగు నీళ్లలా ఉండి దారంలోకి దిగిపోవాలి. పట్టు రంగులో తుమ్మ బంక కలిపేవాణ్ణి ఊళ్లో నేనొక్కణ్ణే. ఆ శెనక్కాయ పొట్టు రంగు కలిపింది ఒక్క డిజైను కోసం.

అప్పటిదాకా నేను సొంతంగా ఏదీ గీయలేదు. మగ్గాల యజమానులు పాత చీరల అంచులు తెచ్చి ఇచ్చేవాళ్లు. హంసలు, మామిడి పిందెలు, రుద్రాక్షలు. వాటిని గ్రాఫు కాగితం మీద గడి గడికీ దించడం నా పని. ఆ కాగితం చూసి అట్టలకు చిల్లులు కొడతారు, ఆ అట్టలు మగ్గం పైన జకార్డు పెట్టెకెక్కి చీర అంచు అవుతాయి. ఎనభై నాలుగులో వానలు రాలేదు. చుట్టుపక్కల ఊళ్లలో శెనక్కాయ చేలు పూత మీదే ఆగిపోయాయి. పువ్వు వాడిపోయాక దాని నుంచి సన్నని ఊడ కిందికి దిగి మట్టిలో గుచ్చుకుంటుంది, అక్కడ చీకట్లో కాయ అవుతుంది. ఆ ఏడు నేల గట్టిపడిపోయి ఊడలు దిగలేదు. మట్టికి వేలెడంత పైన గాల్లో వేలాడుతూ ఎండిపోయాయి. నేను దాన్ని గీశాను. అంచు పొడవునా దిగుతున్న ఊడలు, వాటి కింద ఒక గీత మట్టి, మట్టి కింద జరీ కాయలు. నా చీరలో మాత్రం ఊడలు దిగాయి.

ఎవరికీ చూపలేదు, అక్కకు తప్ప.

"ఎవరు కట్టుకుంటారు రా ఇది? శెనక్కాయలు కట్టుకోని పెండ్లికి పోతారా?" అని పగలబడి నవ్వింది. తర్వాత నవ్వు ఆపి ఒక ఊడ మీద వేలు పెట్టి చాలాసేపు ఉంచింది. "బాగుండాది రా బాలప్పా. ఏడుపొస్తాండాది," అంది. మొదటి చీర ఆమెకే అని ఆ క్షణంలో అనుకున్నాను. పైకి అనలేదు.

మా ఊళ్లో డిజైనుకు సంతకం ఉండదు. మొదట ఎవరి మగ్గం మీద దిగితే వాళ్లది. రెండో మగ్గం మీద దిగింది నకలు. గీసినవాడే రెండోవాడయినా సరే, అతనిదే నకలు.

బూటు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మొన్న యాడికి ఊళ్లో చిన్నాయన దినాలకు పోయినప్పుడు ఇల్లు తాళం వేసి ఉంది. తిరిగొచ్చి తలుపు తీస్తే, బల్ల కింద పెట్టిన రంగు చిప్ప బోర్లా పడి ఉంది. బల్ల మీద గ్రాఫు కాగితం పెట్టింది పెట్టినట్టే ఉంది. ఎలుక అనుకున్నాను. ఎలుకను తిట్టుకుంటూ పలకలు తుడిచాను. ఒలికిన రంగుకు ఒకవైపు అంచు తిన్నగా, గీత గీసినట్టు ఉంది. ఎలుకలు అలా అంచులు గీయవు. అది అప్పుడే నా కంట పడింది. కానీ చూడాలని లేనప్పుడు కన్ను కూడా మన మాటే వింటుంది.

బావ లోపలికి వచ్చాడు. పలచటి కాగితం పరిచి డిజైను దించుకున్నాడు. కాలు తగిలి చిప్ప పడింది, రంగు బూటు పక్క దాకా పారి ఆగింది. చూసుకోలేదు, లేదా చూసుకునే తీరిక లేదు. రేపు పొద్దున బెంగుళూరు బస్సు ఎక్కేది అందుకే.

నాకు కోపం రావలసింది. రాలేదు. ఆశ్చర్యంగా, నా మనసు దొంగ దగ్గర ఆగకుండా అతని చేతిలోని తాళంచెవి దగ్గరకు పోయింది. రెండో తాళంచెవి అక్క కొంగుకు ఉంటుంది. శుక్రవారం గుంత దగ్గర దీపం పెట్టడానికి నేనే ఇచ్చాను.

అక్క నిద్రపోతున్నప్పుడు తీసి ఉంటాడు. స్నానానికి పోయినప్పుడు, చీర దండెం మీద ఉన్నప్పుడు తీసి ఉంటాడు. ఒక్కొక్క సాకునూ పేర్చుకుంటూ పోయాను. డిజైను పోతే పోయింది. బావ పోతే పోయాడు. ఆయన నాకు అక్క ద్వారా వచ్చినవాడు. అక్కకు తెలియకుండా ఉంటే చాలు. ఈ ఒక్కటి మిగిలితే మిగతాదంతా ఓర్చుకోగలనని నాతో నేనే బేరం పెట్టుకున్నాను. తెలిసి ఉంటే ఈ బూట్లను నా దగ్గరకే తెస్తుందా? అది నాకు పెద్ద ఊరటగా తోచింది.

కుంకుడు నురుగు పట్టించి మెత్తగా రుద్దాను. బంక అంతా పోయింది. రంగు పోలేదు. నిమ్మచెక్క రాశాను. కాస్త తేలిక పడినట్టుండి, ఆరాక మళ్లీ తేలింది. కిరసనాయిలుతో తుడిస్తే బావ రాసుకున్న పాలిష్ ఊడివచ్చింది, మరక ఇంకా స్పష్టంగా కనపడింది. బూటు అంచున కుట్టిన తెల్ల దారం మాత్రం కడగ్గానే శుభ్రపడింది. నూలు దారం కదా, పట్టు రంగును పట్టుకోదు. పట్టు పురుగు నుంచి వచ్చింది, తోలు గొడ్డు నుంచి వచ్చింది. ఒకప్పుడు ప్రాణం ఉన్నవి రెండూ. ఆ రంగు ప్రాణం ఉన్న వాటికే అంటుకుంటుంది, ఇక వదలదు.

లక్ష్మన్న వెదురు కర్రకు రంగు అద్దిన తడి పట్టు దారపు చిలపలు వేలాడదీసుకుని వీధిలో పోతూ ఆగాడు.

"ఏమప్పా బాలప్పా, గీతలు మానేసి బూట్లకు దిగినావా? రేపు నా చెప్పులూ తెస్తా, తోముతావా?"

"నీ చెప్పులకు మరకలు తీస్తే చెప్పులు మిగలవు లక్ష్మన్నా."

నవ్వి, వంగి చూశాడు. "ఇది పట్టు రంగు కదా. మీ బావ నా కాడికి రానే ల్యాదే. యాడ తొక్కినాడు?"

"నా చేతిలోంచే పడింది," అన్నాను.

ఎంత తేలికగా వచ్చింది ఆ అబద్ధం. "జాగర్త పడొద్దా? తోలుకు పట్టినాక ఇడవదప్పా," అంటూ లక్ష్మన్న వెళ్లిపోయాడు. ఆయన వెళ్లాక కూడా నేను బూటునే చూస్తూ ఉన్నాను. నన్ను దోచుకున్నవాణ్ణి ఎవరూ అడగకముందే కాపాడాను. బావ కోసం కాదు. ఈ మరక గురించి వీధిలో మాట పుడితే అది తిరిగి తిరిగి తాళంచెవి దగ్గర ఆగుతుంది. ఎక్కడ ఆగుతుందో నాకు ముందే తెలుసునన్న మాట. తెలియకపోతే అంత భయం ఎందుకు?

పొద్దు వాలుతుండగా అక్క వచ్చింది. చెప్పులు గోడవారగా విడిచి, లోపలికి వచ్చి, పలకల పక్కన నేల మీద కూర్చుంది. బూట్లు ఇంకా వాకిట్లోనే ఉన్నాయి.

"తీసినావా?"

"కూర్చో అక్కా. చెబుతా."

ఆమె కళ్లు గోడ మీద నాయన పటం చూశాయి, పైకప్పు చూశాయి, నా చేతులు చూశాయి. బల్ల వైపు మాత్రం పోలేదు. గదిలో అంత పెద్ద బల్లను చూడకుండా ఉండాలంటే చాలా కష్టపడాలి.

"ఎలకలు శానా అయినాయి అక్కా ఇంట్లో," అన్నాను. "నేను చిన్నాయన దినాలకు పోయినప్పుడు రంగు చిప్ప బోర్లా ఏసినాయి."

ఆ మాటతో ఆమె తప్పించుకోవడానికి నేనొక తలుపు తెరిచి పట్టుకున్నాను. అవునా అంటే చాలు. బోను పెట్టప్పా అంటే చాలు. నేను బోను కొనుక్కొచ్చి, పెట్టి, ఎలుక కోసం ఎదురుచూసి ఉండేవాణ్ణి.

"ఎలకలు కాదు," అంది అక్క.

వీధిలో ఎవరిదో మగ్గం ఆడుతోంది. ఆ చప్పుడు కాసేపు మా ఇద్దరి మధ్య పోతూ వస్తూ ఉంది.

"బావ నీ కొంగులోంచి తాళంచెవి ఎప్పుడు తీసుకున్నాడు? నువ్వు పండుకున్నప్పుడా?"

"ఆయప్ప తీసుకోలేదు. నేనే ఇచ్చినా."

నా బేరం అక్కడితో చెడింది. అయినా ఇంకొక ప్రశ్న మిగిలింది. పొద్దుటి నుంచి అన్నిటికన్నా అడుగున, నేను తాకకుండా పెట్టుకున్నది.

"బావ ఎప్పుడూ బూట్లు ఇడిసే వస్తాడు కదక్కా. ఆ దినం ఎందుకు ఇడవలేదు?"

అక్క కొంగు చివర వేలికి చుట్టుకుంది, విప్పింది.

"ఆ బూట్లు వాకిట్లో ఉంటే ఈదంతా తెలుస్తాది. ఏసుకోనే పో అని నేనే అంటి."

ఆమే మళ్లీ అంది, మొదలుపెట్టిన పని పూర్తి చేస్తున్నట్టు.

"నేను గడప కాడ నిలబడినా. నా చెప్పులు ఆడ, ఎప్పుడూ ఇడిసే చోటే ఇడిసినా. ఎవరన్నా వస్తే, దీపం పెట్టను వచ్చినా అందామని."

నేను వాకిట్లోకి చూశాను. ఆమె చెప్పులు జతగా, వినయంగా ఉన్నాయి. ఆ రోజు కూడా అలాగే ఉండి ఉంటాయి. దారిన పోయేవాళ్లు వాటిని చూసి, తిప్పమ్మ దీపం పెట్టడానికి వచ్చింది అనుకుని, సాగిపోయి ఉంటారు.

చెంప మీద చెయ్యి వేసుకున్నానని కొంతసేపటికి గాని తెలియలేదు. గుంతలో నాయన కాళ్లుంటాయన్న గొంతే, ఏసుకోనే పో అంది. ఒకే గొంతు. ఇన్నేళ్లు నాకు ఇది తప్పు, ఇది ఒప్పు అని చెబుతూ వచ్చింది ఎవరు మరి? ఇక మీదట నా లోపల అది మాట్లాడితే నేను వినాలా? మనిషిని ఎవరైనా మోసం చేస్తే ఆ ఒక్కరు పోతారు. అక్క వల్ల నా లోపల మాట్లాడేవాళ్లే లేకుండా పోయారు.

"అడిగింటే ఇచ్చేవాన్ని కదక్కా," అన్నాను.

"ఇస్తావని తెలుసు. అందుకే అడగల్యా." అక్క మొదటిసారి సూటిగా చూసింది. "వానల్యాక పెండ్లిళ్లు ల్యావు, చీరలు ఎవరు కొంటాండారు? పోయినసారి తీసకపోయిన మూట తీసకపోయినట్టే తెచ్చినాడు. కొత్త రకం ఏమన్నా ఉంటే తీసుకోని రా, లేకుంటే రావద్దన్యారంట షాపోళ్లు. ఆ దినం నుంచి ఇంట్లో ఆ మొగాన్ని సూడలేకుండా ఉండా. బామ్మర్ది దగ్గర చెయ్యి సాపినాడంటే ఇంగ జన్మకు నీ ముందర తలెత్తుతాడా? నీకు తెలీకుండా తీసుకుంటే నీ ముందర మామూలుగా తిరగొచ్చు. నీకేమప్పా, నీ చేతిలో ఉండాది. ఇంగొగటి గీస్తావు. ఆయప్ప చేతిలో ఏముండాది?"

ఆమె మాటల్లో అబద్ధం లేదు. అదే భరించలేకపోయాను. కాస్త అబద్ధం ఉంటే దాన్ని పట్టుకుని కోపం తెచ్చుకునేవాణ్ణి.

"ఈ బూట్లు నా కాడికి తెస్తే గుర్తుపడతానని నీకు తెలీదా?"

"తెలుసు."

"మల్ల?"

"వేరేవాళ్ల కాడికి ఎట్ల తీసకపోయేది? నువ్వు గుర్తుపట్టినా అడగవనుకున్యా. చిన్నప్పట్నుంచి నువ్వు ఏదీ అడిగినోడివి కాదు కదరా."

ఊరట అనుకున్నది అదన్న మాట. తెలియక తేలేదు. నన్ను తెలిసి తెచ్చింది. బావ నా డిజైను తీసుకున్నాడు. అక్క నా మౌనాన్ని తీసుకుంది. డిజైను నేను గీసింది. మౌనం నాకు ఆమె నేర్పింది.

లేచి పొయ్యి ముట్టించాను. సీసాలో మిగిలిన శెనక్కాయ పొట్టు రంగును, బంక కలపనిదాన్ని, వేడినీళ్లలో పోశాను. నిమ్మకాయ పిండాను. పులుపు తగలగానే రంగు లోతు తేలింది. గిన్నె, వెడల్పు కుంచె తీసుకుని వాకిట్లోకి వచ్చి నాపరాయి మీద కూర్చున్నాను. అక్క గడప లోపల నిలబడి చూస్తోంది.

"ఏం చేస్తాండావు?"

"మరక పోదక్కా. కనపడకుండా చేస్తా."

పాలిష్ పోయిన తోలు దాహంగా ఉంది. కుంచె పెట్టిన చోటల్లా రంగు తాగింది. మరక చుట్టూ మొదలుపెట్టి, బయటికి, మడమ దాకా తీసుకుపోయాను. ఒక పూత ఆరేలోపల ఇంకొకటి వేశాను. మెల్లమెల్లగా మరక అంచులు కరిగి బూటులో కలిసిపోయాయి. ఎక్కడ ఒలికిందో ఇక నాకే తెలియడం లేదు. తెల్ల కుట్లు మాత్రం తెల్లగానే, గ్రాఫు మీద చుక్కల్లా బూటు చుట్టూ నిలబడ్డాయి.

ఎడమ బూటు అందుకున్నాను.

"దానికి మరక ల్యాదు కదరా," అంది అక్క. గొంతు మారింది.

"ఒగటి ఒగ రంగు, ఇంగొగటి ఇంగో రంగు ఉంటే షాపు మెట్ల కాడ నవ్వుతారు కదక్కా."

ఆమె గడప పట్టుకుంది. కొంగు చివర నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. ఏడిస్తే ఆముదం తెచ్చే వంతు నాదవుతుందని భయపడ్డాను కూడా.

కుంచె ఆడిస్తుంటే బెంగుళూరు షాపు నాకు కనపడింది. నేనెప్పుడూ చూడని షాపు. లోపల తెల్లటి పరుపుల మీద బావ పలచటి కాగితం విప్పుతాడు. వాళ్లు ఊడల మీద వేళ్లు పెట్టి చూస్తారు. ఎవరు గీశారని అడగరు. అడిగినా మావాళ్లే అంటాడు, అది అబద్ధం కాదు. బూట్లు కింద మెట్ల దగ్గర ఉంటాయి. వాటిని ఎవరూ పట్టించుకోరు. బావ పని ముగించుకుని దిగి వస్తాడు. అంతమంది చెప్పుల మధ్య తన జత ఏదో వెతుక్కోవాలి. ఆ రంగును బట్టే వెతుక్కోవాలి. ఈ బూట్లు అరిగేదాకా, ప్రతి ఇంటి ముందూ, ప్రతి షాపు ముందూ, ముందు ఆ రంగును గుర్తుపట్టి, ఆ తర్వాతే కాళ్లు పెట్టాలి.

ఇది పగో కాదో నాకు తెలియదు. నన్ను అడిగితే మరక తీయమన్నారు, తీశాను అంటాను.

ఎండలో మిగిలిన కాస్త వేడికి బూట్లు ఆరాయి. కొబ్బరి నూనె చేతికి రాసుకుని తోలంతా పట్టించాను. కొత్తవాటిలా మెరిశాయి. జతగా తువ్వాలు మీద పెట్టాను.

"తీసకపో," అన్నాను. "బస్సుకు టయిమవుతాది పొద్దున."

అక్క వాకిట్లోకి వచ్చింది. తువ్వాలు మూట కట్టింది. చెప్పుల్లో కాళ్లు పెట్టి, వంగి ఏదో సర్దుకుని, లేచి నిలబడింది. ఏదో అనబోయి, "సంగటి పంపిస్తా," అంది.

"వద్దులే. చేసుకుంటా."

ఆమె వీధి మలుపు తిరిగేదాకా చూశాను. మూటను పొద్దున పట్టుకున్నట్టు చంకలో కాదు, ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని నడుస్తోంది. కుక్క లేచి, ఆ మూట వాసన చూసి, మళ్లీ పడుకుంది.

గిన్నె కడగడానికి వంగినప్పుడు గోడవారన ఏదో మెరిసింది. ఆమె ఎప్పుడూ చెప్పులు విడిచే చోట, ఉత్త నేల మీద, తాళంచెవి ఉంది.